మైక్రోమీటర్ క్యాలిబ్రేషన్‌లో అనిశ్చితి లెక్క నేర్చుకున్న పది నెలలు – నా అనుభవం

2024 ఫిబ్రవరి 6న మా ల్యాబ్‌కు ప్రొఫిషియెన్సీ టెస్టింగ్, అంటే ల్యాబుల కొలతలు ఎంత సరిగ్గా ఉన్నాయో పోల్చి చూసే పరీక్ష, నివేదిక వచ్చింది. అంతకు ముందు నవంబర్‌లో నిర్వాహకులు ఒకే డిజిటల్ మైక్రోమీటర్‌ను (చిన్న పొడవులను సూక్ష్మంగా కొలిచే స్క్రూ పరికరాన్ని) ల్యాబ్ తర్వాత ల్యాబ్‌కు పంపారు. దాన్ని మా దగ్గర కొలిచి, ఫలితాలు పంపి, ఆ సంగతి మరిచిపోయాం. నివేదికలో పది కొలతలకు పది వరుసలున్నాయి. తొమ్మిదింటికి ‘సంతృప్తికరం’ అని, చివరిదైన 25 మిల్లీమీటర్ల దగ్గర మాత్రం ‘అసంతృప్తికరం’ అని రాసి ఉంది. ఆ కొలతలు తీసింది నేను. షీట్ కింద ఉన్న సంతకం కూడా నాదే.

హైదరాబాద్ పారిశ్రామికవాడలో ఉన్న చిన్న క్యాలిబ్రేషన్ ల్యాబ్ మాది, అంటే కస్టమర్ల కొలత పరికరాలు సరిచూసి సర్టిఫికెట్ ఇచ్చే చోటు. నేను మెకానికల్ డిప్లొమా చదివి నాలుగేళ్లుగా ఇక్కడ పొడవుల విభాగంలో పని చేస్తున్నాను. అనిశ్చితి, అంటే మా భాషలో అన్‌సర్టైన్టీ, నాకు తెలుసనే అనుకుంటూ వచ్చాను. నిజానికి నాకు తెలిసింది మాకంటే ముందు పని చేసి వెళ్లిపోయిన ఒకరు తయారు చేసిన ఎక్సెల్ షీట్ ఒక్కటే. రీడింగులు పసుపు గళ్లలో కొడితే కింద ఎర్ర గడిలో 0.7 మైక్రాన్ అని వచ్చేది. దాన్ని సర్టిఫికెట్‌లోకి ఎక్కించేవాళ్లం. మిగతా గళ్లకు పాస్‌వర్డ్ ఉండేది, లోపల ఏముందని అడగవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

ప్రొఫిషియెన్సీ టెస్టింగ్‌లో ఫలితాన్ని ఈఎన్ అనే సంఖ్యతో తేలుస్తారు. మన కొలతకు, రిఫరెన్స్ ల్యాబ్ కొలతకు ఉన్న తేడాను, రెండు ల్యాబుల అనిశ్చితుల వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి దానితో భాగిస్తారు. జవాబు 1 దాటకూడదు. 25 మిల్లీమీటర్ల దగ్గర మైక్రోమీటర్‌లో లోపం ప్లస్ 1.2 మైక్రాన్లని మేము చెప్పాం, రిఫరెన్స్ ల్యాబ్ ప్లస్ 0.2 అని చెప్పింది. వాళ్ల అనిశ్చితి 0.6, మాది 0.7. లెక్కిస్తే 1.08 వచ్చింది. ఒక్క మైక్రాన్ తేడా, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. బయటివాళ్లకు చెబితే నవ్వుతారేమోగానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా టెక్నికల్ మేనేజర్ సార్ కోప్పడలేదు. ల్యాబుల పనికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రకారం దిద్దుబాటు చర్య నమోదు చేసి, కారణం కనిపెట్టే పని నాకే అప్పగించారు. ల్యాబులకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఎన్‌ఏబీఎల్ అసెస్‌మెంట్ ఆ ఏడాది చివర్లో ఉంది.

ఫిబ్రవరి, మార్చి నెలలు సొంతంగా చదవడంలోనే గడిచాయి. అనిశ్చితికి మూలగ్రంథం అనదగ్గ జీయూఎం (కొలతల అనిశ్చితిని లెక్కించే మార్గదర్శి) 2008 ప్రతి, అంతర్జాతీయ కొలతల సంస్థ బీఐపీఎం సైటులో ఉచితంగా దొరుకుతుంది. ప్రింటు తీయించి, రోజూ బస్సులో నాలుగైదు పేజీలు చదివేదాన్ని. అందులో గణితం నన్ను భయపెట్టలేదు, భాష భయపెట్టింది. లోపం వేరు, అనిశ్చితి వేరు అన్న ఒక్క సంగతి తలకెక్కడానికే మూడు వారాలు పట్టింది. మైక్రోమీటర్ 25.000 చూపాల్సిన చోట 25.001 చూపితే అది లోపం. ఆ లోపం ఎంతో నేను చెప్పిన మాటను ఎంత మేరకు నమ్మవచ్చో తెలిపేది అనిశ్చితి. లోపాన్ని సరిదిద్దవచ్చు. అనిశ్చితిని సరిదిద్దలేం, అంచనా కట్టి నిజాయితీగా రాయగలం, అంతే.

మార్చి చివర్లో మేనేజర్ సార్ పాత ఫైళ్లు వెతికి ఎక్సెల్ పాస్‌వర్డ్ సంపాదించి ఇచ్చారు. షీట్ తెరిచాక చూస్తే లోపల మూడే మూడు అంశాలున్నాయి: రీడింగుల్లో వచ్చే చెదురు, స్లిప్ గేజ్ (పొడవు కచ్చితంగా తెలిసిన ఉక్కు దిమ్మ, దానితోనే మైక్రోమీటర్‌ను సరిచూస్తాం) సర్టిఫికెట్‌లోని అనిశ్చితి, మైక్రోమీటర్ లీస్ట్ కౌంట్ (అది చూపగల అతి చిన్న తేడా). ఉష్ణోగ్రతకు ఎదురుగా ‘గది 20 ± 1 డిగ్రీ, కాబట్టి ప్రభావం లేదు’ అని రాసి సున్నా పెట్టారు. అది తప్పని అనిపించిందిగానీ, ఎందుకు తప్పో చెప్పే ధైర్యం అప్పటికి నాకు లేదు.

ఏప్రిల్ 18 నుంచి 20 వరకు మూడు రోజుల శిక్షణకు వెళ్లాను. ఫీజు 8,500 రూపాయలు, జీఎస్టీతో కలిపి 10,030. సగం యాజమాన్యం ఇచ్చింది, సగం నేను పెట్టుకున్నాను. ఇరవై మందిమి ఉన్నాం. ఫార్మా కంపెనీల నుంచి త్రాసులు చూసేవాళ్లు, ప్రెజర్ గేజీలవాళ్లు ఎక్కువ, పొడవుల నుంచి నేనొక్కదాన్నే. పాఠం చెప్పినవారు ప్రభుత్వ సంస్థలో పని చేసి రిటైరైన పెద్దాయన. మొదటి రోజంతా ఒక్క ఫార్ములా రాయలేదు. ‘మీ పని మొదటి నుంచి చివరి దాకా కథలా రాయండి. పెట్టె ఎక్కడి నుంచి తీశారు, ఎవరు తీశారు, ఎంతసేపు ఆగారు, ఏ చేత్తో పట్టుకున్నారు, అన్నీ రాయండి’ అన్నారు. మాకు విసుగు పుట్టింది. డబ్బు కట్టి వచ్చింది వ్యాసం రాయడానికా అని పక్కన కూర్చున్న అబ్బాయి గొణిగాడు, నాకూ కొంత అలాగే అనిపించింది. ఆ మొదటి రోజు పాఠమే మాకు అక్కరకొచ్చిందని జూలైలో తెలిసింది.

రెండో రోజు నా షీట్ ఆయనకు చూపించాను. పది నిమిషాల్లో రెండు తప్పులు ఎత్తి చూపారు. స్లిప్ గేజ్ సర్టిఫికెట్‌లో 0.10 మైక్రాన్ అని, కవరేజ్ ఫ్యాక్టర్ కే (నమ్మకం పెంచడానికి అనిశ్చితిని ఎన్ని రెట్లు చేశారో చెప్పే అంకె) విలువ 2 అని స్పష్టంగా ఉంది. దాన్ని 2తో భాగించి 0.05 తీసుకోవాలి. మా షీట్‌లో √3తో భాగించారు. ఇది చిన్న తప్పు, అంకెను పెద్దగా మార్చదు. రెండోది మాత్రం పెద్దదే. రీడింగుల చెదురు తెలుసుకోవడానికి ఒకే చోట పదిసార్లు కొలుస్తాం. నా పది రీడింగుల్లో ఏడు 25.001, రెండు 25.000, ఒకటి 25.002. వీటి స్టాండర్డ్ డీవియేషన్ 0.57 మైక్రాన్. షీట్ దాన్ని √10తో భాగించి 0.18 చేసింది. ‘కస్టమర్ మైక్రోమీటర్ వచ్చినప్పుడు ఎన్ని రీడింగులు తీస్తావమ్మా?’ అని అడిగారు. మూడు తీస్తామన్నాను. ‘మూడు తీసి పది తీసినట్టు రాస్తున్నావు’ అన్నారు. √3తో భాగిస్తే 0.33 వస్తుంది. ఎన్ని సర్టిఫికెట్ల మీద ఆ 0.18 వెళ్లిందో తలచుకుంటే కడుపులో తిప్పినట్టయింది.

మే నెలలో కొత్త బడ్జెట్, అంటే అనిశ్చితికి కారణమయ్యే అంశాలన్నిటి లెక్క, మొదలుపెట్టాను. దాన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను వెతికినప్పుడు నిజమైన అంకెలతో తెలుగులో ఇది నాకు ఎక్కడా కనిపించలేదు. మైక్రోమీటర్ 0–25 మిల్లీమీటర్లది, లీస్ట్ కౌంట్ 1 మైక్రాన్. దానికంటే సన్నని తేడాను తెర చూపదు కాబట్టి నిజం అటూ ఇటూ అర మైక్రాన్‌లో ఎక్కడైనా ఉండవచ్చు. ఇలా హద్దుల మధ్య ఎక్కడైనా సమానంగా ఉండవచ్చన్నప్పుడు √3తో భాగించాలి, 0.5ను భాగిస్తే 0.29 వస్తుంది. వస్తువును పట్టుకునే అన్విల్ ముఖాల సమాంతరత ఆప్టికల్ ప్యారలల్ అనే చదునైన గాజు బిళ్లతో చూస్తే రెండు కాంతి పట్టీలు కనిపించాయి. ఒక్కో పట్టీ సుమారు 0.3 మైక్రాన్, మొత్తం 0.6, అందులో సగాన్ని √3తో భాగిస్తే 0.17. ఇక ఉష్ణోగ్రత. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు 11.5 మైక్రాన్లు సాగుతుంది, 25 మిల్లీమీటర్ల స్లిప్ 0.29 మైక్రాన్ సాగుతుంది. గది 20 డిగ్రీల దగ్గర ఉన్నంత మాత్రాన స్లిప్, మైక్రోమీటర్ రెండూ ఒకే వేడిలో ఉన్నాయని అర్థం కాదు. వాటి మధ్య ఒక డిగ్రీ వరకు తేడా ఉండవచ్చనుకుని, ఆ 0.29ను √3తో భాగిస్తే 0.17. స్లిప్ గేజ్ ఏడాదిలో మారే మార్పు, వ్యాకోచ గుణకాల్లో తేడా చెరొక 0.03. స్లిప్ సర్టిఫికెట్ 0.05, రీడింగుల చెదురు 0.33.

వీటన్నిటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 0.50 వచ్చింది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఈ అంచనాకు ఎంత సమాచారం ఆధారంగా ఉందో తెలిపే సంఖ్య) సుమారు 50 దగ్గర తేలింది, దానికి కే విలువ 2.05. 0.50ను దానితో గుణిస్తే సర్టిఫికెట్‌లో రాసే విస్తృత అనిశ్చితి 1.0 మైక్రాన్. ఇది చదివేవాళ్లు గమనించవలసింది ఒకటుంది. 0.03 ఉన్న అంశాల మీద నేను పది రోజులు ఖర్చు పెట్టాను. వర్గం చేస్తే అవి కనిపించకుండా పోతాయి. మొదట అన్నిటికీ ఉజ్జాయింపు విలువలు వేసుకుని, పెద్దవి ఏవో తేల్చుకుని, వాటి మీదే శ్రమ పెట్టి ఉంటే ఆ పది రోజులు మిగిలేవి.

మే మూడో వారంలో ఏసీ కంప్రెసర్ పోయింది. బయట ఎండ మండిపోతోంది, గది 29 డిగ్రీలకు చేరింది. మరమ్మతుకు 18,500 రూపాయలు, తొమ్మిది రోజులు. ఏసీ బాగయ్యాక కూడా మరో రెండు రోజులు కొలతలు తీయలేదు. గాలి చల్లబడినంత తొందరగా గ్రానైట్ బల్ల చల్లబడదు.

జూన్ మొదటి వారంలో కొత్త లెక్క మేనేజర్ సార్ ముందు పెట్టాను. 0.7 స్థానంలో 1.0 వేస్తే పాత ఈఎన్ 0.86కు దిగుతుంది. అందరికీ ప్రాణం లేచి వచ్చింది. ‘అనిశ్చితిని తక్కువగా అంచనా కట్టాం, సవరించాం’ అని కారణం రాసి ఫైలు మూసేద్దామనుకున్నాం. కానీ నాకు ఎక్కడో తొలుస్తూనే ఉంది. శిక్షణ ఇచ్చిన సార్‌కు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, ‘నీ లెక్క పెరిగింది, సరే. ఆ ఒక్క మైక్రాన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పావా?’ అన్నారు. చెప్పలేదన్నాను. ‘మరి చాప కింద తోసినట్టే కదమ్మా’ అన్నారు. కొద్దిసేపాగి, పది కొలతల దగ్గరా మాకూ రిఫరెన్స్ ల్యాబ్‌కూ ఉన్న తేడాను పొడవుకు ఎదురుగా గ్రాఫ్ గీయమన్నారు.

ఆ సాయంత్రమే గీశాను. 2.5 మిల్లీమీటర్ల దగ్గర తేడా 0.1 మైక్రాన్. 12.9 దగ్గర 0.5. 22.8 దగ్గర 0.9. 25 దగ్గర 1.0. సున్నా నుంచి మొదలై గీత గీసినట్టు పైకి వెళ్లింది. మైక్రోమీటర్ పరీక్షకు 5, 10, 15 వంటి గుండ్రని అంకెలు కాకుండా 5.1, 7.7, 10.3, 12.9 వంటివి వాడేది స్క్రూ ఒక్కో చుట్టులో ఒక్కో కోణం దగ్గర పరీక్షకు వచ్చేలా. స్క్రూలో తప్పుంటే తేడా ఎగుడుదిగుడుగా కనిపించాలి. ఇది పొడవుతోపాటు సమానంగా పెరుగుతోంది. పొడవుతో పెరిగేది వేడి. నా స్లిప్పులు మైక్రోమీటర్ కంటే వేడిగా ఉండి ఉండాలి, అదీ సుమారు మూడున్నర డిగ్రీలు. గది వేడిని నమోదు చేసే లాగర్ రికార్డు చూస్తే నవంబర్‌లో ఆ రోజంతా 20.3. ఇది ఎలా సాధ్యమో ఎంతకీ అర్థం కాలేదు.

రెండు ప్రోబులున్న ఉపరితల ఉష్ణమాపకం 11,000 రూపాయలకు తెప్పించాం. దాన్ని వెంటనే వాడుకోవచ్చనుకున్నాను, కానీ దానికీ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. అందుకు మరో 2,400 రూపాయలు, పదహారు రోజులు. అది వచ్చే వరకు కూర్చుని, మొదటి రోజు శిక్షణలో రాయమన్న ‘కథ’ మళ్లీ రాశాను. ‘ఉదయం తొమ్మిదికి ఆఫీసు గదిలోని అల్మరా తాళం తీసి, స్లిప్పుల పెట్టె తెచ్చి, కొలతల గదిలో బల్ల మీద పెట్టి, గంటసేపు ఆగి...’ అని రాస్తూ చెయ్యి ఆగిపోయింది.

ఖరీదైన వస్తువులని స్లిప్పులను తాళం ఉన్న అల్మరాలో ఉంచుతాం. ఆ అల్మరా ఉన్న ఆఫీసు గదిలో ఏసీ లేదు. పెట్టె చెక్కది, లోపల వెల్వెట్ గుడ్డ, పైన మూత. గంట ఆగాలని విధానంలో ఉంది, ఆగాం. మూత తెరిచి పెట్టాలని మాత్రం ఎక్కడా లేదు.

జూలై 11న ఉష్ణమాపకం చేతికొచ్చింది. మరుసటి ఉదయం పాత పద్ధతిలోనే పెట్టె తెచ్చి ఒక ప్రోబు 25 మిల్లీమీటర్ల స్లిప్ మీద, ఒకటి మైక్రోమీటర్ మీద పెట్టి మూత మూసేశాను. తొమ్మిదింటికి స్లిప్ 27.6, మైక్రోమీటర్ 20.4. పదింటికి, అంటే మేము కొలతలు మొదలుపెట్టే వేళకు, స్లిప్ 24.2, మైక్రోమీటర్ 20.4. తేడా 3.8 డిగ్రీలు, 25 మిల్లీమీటర్లలో 1.1 మైక్రాన్లు. మేనేజర్ సార్‌ను పిలిచి చూపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత స్లిప్పులను పెట్టె నుంచి తీసి మైక్రోమీటర్ పక్కనే మందపాటి ఉక్కు పలక మీద రాత్రంతా ఉంచి కొలిస్తే తేడా అర డిగ్రీ లోపలే ఉంది. బడ్జెట్‌లో మాత్రం ఒక డిగ్రీనే ఉంచాం.

కారణం దొరికిన సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఎందుకంటే కొన్ని నెలలుగా ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ ఆ వేడి స్లిప్పులతో ఇచ్చినవే. ప్రమాణం ప్రకారం వాటిని తిరిగి చూడాలి. 0–25 మైక్రోమీటర్లవి 63 తేలాయి. స్లిప్ సాగి ఉంది కాబట్టి ప్రతి రీడింగు ఉన్నదానికంటే ఎక్కువ కనిపించింది. కాబట్టి ప్లస్ వైపు లోపం ఉన్నవాటితో ప్రమాదం లేదు. మైనస్ వైపు ఉన్నవాటి అసలు లోపాన్ని మేము తక్కువ చేసి చూపాం. ఈ మైక్రోమీటర్ల లోపానికి హద్దు ±4 మైక్రాన్లు. దానిలోంచి అనిశ్చితి 1.0 తీసేస్తే 3 దాకా నిశ్చింతగా ‘హద్దులో ఉంది’ అనవచ్చు. వేడి వల్ల సుమారు ఒక మైక్రాన్ ఎక్కువ కనిపించింది కాబట్టి, ఆ లెక్కన మేము మైనస్ 2 దాటి చూపినవి అనుమానాస్పదం. అవి ఐదు.

ఆ ఐదుగురికి ఫోన్లు నేనే చేశాను. ఇప్పటి వరకు నేను చేసిన పనుల్లో అదే అన్నిటికంటే కష్టమైనది. నలుగురు మైక్రోమీటర్లు పంపించారు, ఉచితంగా మళ్లీ చూశాం, నాలుగూ హద్దులోనే ఉన్నాయి. ఐదోది బాలానగర్‌లో లేత్ షాపు నడిపే పెద్దాయనది. నేనే వెళ్లి తెచ్చి చూశాను, 25 దగ్గర మైనస్ 4.2 వచ్చింది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన ఒక్కటే అడిగారు: ‘మరి ఈ నాలుగు నెలలూ నేను పంపిన పీసుల సంగతేమిటమ్మా?’ అక్కడే కూర్చుని ఆయన డ్రాయింగులు చూశాం. ఆయన తిప్పే షాఫ్టులకు డ్రాయింగులో 20 మైక్రాన్ల వెసులుబాటు ఉంది. తన రికార్డులో రాసుకున్న కొలతలన్నిటికీ నాలుగు మైక్రాన్లు కలిపి ఒక్కొక్కటే సరిచూశాం. అన్నీ లోపలే ఉన్నాయి. అది తేలే దాకా ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు, నేనూ అంతే.

యజమానితో మాట్లాడటం మరో ఘట్టం. మా సామర్థ్యాన్ని, అంటే మేము ఇవ్వగలమని చెప్పుకునే అతి తక్కువ అనిశ్చితిని, 0.7 నుంచి 1.0కు మార్చమని ఎన్‌ఏబీఎల్‌కు రాయాలి. పక్క ల్యాబులు 0.8 అని చెబుతుంటే 1.0 అని రాస్తే పని ఎవరిస్తారని ఆయన అడిగారు. ఆయన భయంలో న్యాయం ఉంది, ఎందుకంటే ఆదిభట్ల వైపు విమాన భాగాలు చేసే కస్టమర్లు హద్దు అనిశ్చితికి కనీసం నాలుగు రెట్లు ఉండాలంటారు. 4కు 1.0 అంటే సరిగ్గా నాలుగే, అంచు మీద ఉన్నట్టు. మూడు రోజులు ఆలోచించి సంతకం పెట్టారు. ఆ తర్వాత ఒక కస్టమర్ మానుకున్నారు, అది దాచవలసిన పని లేదు.

ఆగస్టులో రెండో ప్రొఫిషియెన్సీ టెస్టింగ్‌కు నమోదు చేసుకున్నాం. ఫీజు జీఎస్టీతో 16,520 రూపాయలు. మైక్రోమీటర్ మా దగ్గరికి సెప్టెంబర్ 3న వచ్చింది, 24 గంటలు పలక మీద ఉంచి, 4న కొలిచాను. ఫలితం కోసం రెండు నెలలు ఆగాలి. ఫలితం నవంబర్ 8న వచ్చింది: 25 మిల్లీమీటర్ల దగ్గర తేడా 0.3 మైక్రాన్, ఈఎన్ 0.26.

డిసెంబర్ రెండో వారంలో అసెసర్ వచ్చారు. ఎక్సెల్ మూసేయమని, తెల్ల బోర్డు మీద చేత్తో లెక్క చేయమన్నారు. చెయ్యి వణికిందిగానీ అంకెలు తప్పలేదు. కే విలువ 2 కాకుండా 2.05 ఎందుకు, రీడింగుల చెదురు √3తో ఎందుకు, లీస్ట్ కౌంట్‌ను చెదురులో కలిపేయకుండా విడిగా ఎందుకు ఉంచారు అని వరుసగా అడిగారు. ఒకదానికి తడబడ్డాను: ఉష్ణోగ్రత తేడా ఒక డిగ్రీ అనడానికి ఆధారం ఏది అన్నప్పుడు. లేచి వెళ్లి జూలై నుంచి రోజూ రెండు ప్రోబులతో రాసిన పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పుతూ చాలాసేపు చదివి, ఉష్ణమాపకం సర్టిఫికెట్ చూపమన్నారు. చూపించాను. ఆ అంశం మీద ఇంకేమీ అడగలేదు.

అల్మరాకు ఉన్న తాళం ఇప్పుడు కొలతల గది తలుపుకు ఉంది. గొళ్లెం బిగించినందుకు వడ్రంగి 650 రూపాయలు తీసుకున్నాడు. స్లిప్పుల చెక్క పెట్టె ఖాళీగా అల్మరాలోనే ఉంది, స్లిప్పులు మాత్రం రాత్రీ పగలూ ఉక్కు పలక మీద, గాజు మూత కింద ఉంటున్నాయి.